గట్టు మీద మొలిచేది మడిలో మొలవలేదు: ఆత్రేయపురం దగ్గర ఒక పెరటి కేస్

కడియం నర్సరీల్లో నా పని మొదలై ఇరవై రెండేళ్ళు. బంతి, పెటూనియా, సాల్వియా, ఏ గింజ చేతికిచ్చినా ప్రోట్రేలో, అంటే గుంటల నారు ట్రేలో, నూటికి తొంభై మొలకలు లేపి చూపిస్తాను. అలాంటివాణ్ణి 2022 జూన్‌లో ఒక పెరట్లో తుమ్మి, గునుగు, గిలిగిచ్చ గింజలు చల్లి, దసరా నాటికి అక్కడ తుంగ కోయించుకున్నాను. ఎవరూ విత్తకుండా, ఎవరూ తడపకుండా రోడ్డు పక్కన పెరిగే మొక్కలివి. వాటి దగ్గర ఓడిపోవడమంటే మా వృత్తిలో కొంచెం సిగ్గుపడాల్సిన విషయమే. ఎక్కడ తప్పు చేశానో, తర్వాత రెండేళ్ళలో ఏం మార్చానో రాసి పెడితే, ఈ పని మొదలెట్టేవాళ్ళకి ఒక వానాకాలమైనా మిగులుతుందని రాస్తున్నాను.

బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వైపు వెళ్తే కాలవ పక్కన ఒక ఊరు. రిటైరైన టీచరమ్మ అత్తగారి పాత ఇల్లు బాగుచేయించుకుని అక్కడికొచ్చి ఉంటున్నారు. ఇంటి వెనక నాలుగు సెంట్లు ఖాళీ. ఒకప్పుడు వరిచేను. ఇల్లు కట్టినప్పుడు మూడొంతుల స్థలం గోదారి బుసక, అంటే ఏటి ఇసక, తోలించి మూడడుగులు మెరక చేశారు. మిగిలిన వంతు, మురుగు బోదె పక్కన, పాత నల్లమట్టితో పల్లంగానే ఉండిపోయింది. మెరక మీద నీళ్ళు పోస్తే నిమిషంలో ఇంకిపోతాయి, పల్లంలో వారం నిలుస్తాయి. ఈ ఒక్క తేడా మీదే తర్వాత కథంతా నడిచింది. అప్పుడు మాత్రం నేను నర్సరీవాడి కళ్ళతో చూసి, "మట్టి బాలేదండి, మార్పిద్దాం" అన్నాను.

ఆవిడ అడిగింది చాలా సాదా కోరిక. "నేను బడికెళ్ళే దారిలో కాలవ గట్టున ఉండే పూలు కావాలండి. పేర్లు సగం మర్చిపోయాను." అంతకుముందు ఏడాది ఆన్‌లైన్‌లో వైల్డ్‌ఫ్లవర్ గింజల పొట్లం తెప్పించి చల్లారట. అందులోంచి వచ్చినవి జీనియా, కాస్మోస్, గైలార్డియా. అన్నీ అమెరికా ఖండాలవి. మన అడవి పూలన్న పేరుతో పొట్లాల్లో అమ్మేది చాలా వరకు ఇదే సరుకు. ఆ మాటకొస్తే మనం మనవే అనుకునేవి కూడా చాలా మనవి కావు. బంతి మెక్సికో నుంచి వచ్చింది, చంద్రకాంత అమెరికా ఖండాల నుంచి, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి. గట్ల నిండా ఉండే గడ్డిచామంతిదీ మధ్య అమెరికానే. బిళ్ళగన్నేరు సంగతి చెబితే టీచరమ్మ రెండు రోజులు నన్ను నమ్మలేదు.

చివరికి ఒక జాబితా కుదిరింది. తుమ్మి, గునుగు, విష్ణుక్రాంతం, నీలిపూల గిలిగిచ్చ, పచ్చపూల ముళ్ళగోరింట, వామింట, తంగేడు, అడవినాభి. ఊరూరికీ పేర్లు మారతాయి కాబట్టి శాస్త్రనామాలు కూడా చెబుతాను. తుమ్మి అంటే లూకాస్ ఆస్పెరా, గునుగు సెలోసియా అర్జెంటియా, గిలిగిచ్చ క్రోటలేరియా వెర్రుకోసా, నాభి గ్లోరియోసా సూపర్బా. శంఖపుష్పం పుట్టిల్లు ఎక్కడన్న దాని మీద శాస్త్రజ్ఞుల్లోనే పేచీ ఉంది, అయినా ఆవిడ వదలనన్నారు. పిల్లలు నీళ్ళలో వేసి టప్‌మనిపించే కాయల మొక్కని కూడా అడిగారు. అది రుయేలియా, అమెరికా ఉష్ణమండలానిదండి అన్నాను. "నా చిన్నతనానికి పాస్‌పోర్టు ఎందుకండీ" అన్నారు. ఒక కుండీలో పెట్టాం.

గింజలు కొనడానికి దొరకవు, ఏరుకోవాలి. 2021 డిసెంబరు నుంచి మార్చి దాకా ఆదివారాలు అదే పని. మొదట్లో పొలం గట్ల మీద వెతికాను. కలుపుమందు కొట్టని గట్టు దొరకడం కష్టమని మూడో వారానికి అర్థమైంది. గింజలు బాగా దొరికిన చోట్లు మూడు: రైలు కట్ట పక్కన, పాత కాలవ గట్టు మలుపుల్లో, శ్మశానాల్లో. శ్మశానంలో ఎవరూ మందు కొట్టరు, ఏటా దున్నరు, దాంతో తాతలనాటి మొక్కలన్నీ అక్కడ అలాగే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం సమాధుల మధ్య వంగి కాగితం పొట్లాల్లో గింజలు దులుపుకుంటుంటే, మేకలు కాసే కుర్రాడొకడు చాలాసేపు దూరం నుంచే చూసి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఏం చెప్పాడో గానీ తర్వాత వారం టీకొట్టు దగ్గర నాకు గౌరవం కొంచెం పెరిగింది.

ఏరడంలో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. తుమ్మికి కణుపు చుట్టూ ఉండే గుండ్రటి గుత్తి ఎండి గోధుమ రంగుకి తిరగాలి. దాన్ని తలకిందులు చేసి కాగితం మీద తడితే గింజలు రాలతాయి, ఒక్కో పువ్వుకి నాలుగు చొప్పున. గునుగు కంకి వేళ్ళ మధ్య నలిపితే నల్లటి మెరిసే గింజలు ఆవాల కంటే చిన్నవి వస్తాయి. గిలిగిచ్చ కాయ చెవి దగ్గర ఊపి చూడాలి, గలగలమంటే పండినట్టు. ముళ్ళగోరింట కాయ ఎండకి పగిలి గింజ దూరంగా విసిరేస్తుంది, కాబట్టి పగలక ముందే కోసి గుడ్డ సంచిలో వేసి మూతి కట్టాలి. ఏ మొక్క నుంచీ పదో వంతుకి మించి తీయలేదు. ఆ గట్టు మీద కూడా అది మళ్ళీ మొలవాలి కదా.

ఇంక 2022 జూన్. మృగశిర కార్తెలో రెండు వానలు పడగానే, నాకు తెలిసిన విద్యంతా చూపించాను. బుసక మీద అరడుగు ఎర్రమట్టి, దాంట్లో ట్రాక్టరు పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపించి మడులు కట్టించాను. గింజలన్నీ కలిపి చల్లి, పైన అరంగుళం ఎరువు కప్పి, రోజూ రెండు పూటలా రోజ్‌క్యాన్‌తో తడిపే ఏర్పాటు చేశాను.

నాలుగో రోజుకే మడి పచ్చబడింది. టీచరమ్మ ఫొటో పంపారు, నేనూ మురిసిపోయాను. పదో రోజున వెళ్ళి చూస్తే వచ్చినవి తోటకూర, తుంగ, అక్కడక్కడా వయ్యారిభామ. తోటకూర, వయ్యారిభామ ఎరువుతో పాటు వచ్చాయి. తుంగ గడ్డలు ఎర్రమట్టితో వచ్చాయి. సొంత డబ్బులిచ్చి కలుపు కొనుక్కొచ్చి, రెండు పూటలా నీళ్ళు పోసి పెంచామన్నమాట.

జులై మధ్యలో గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఊరు ఏటిగట్టుకి లోపలుంది కాబట్టి ఏటి నీరు రాలేదు. కానీ ఏరు నిండుగా ఉన్నన్నాళ్ళూ మురుగు బయటికి పోవడానికి దారి లేక వెనక్కి తన్నింది. పల్లం తొమ్మిది రోజులు మోకాల్లోతు నీళ్ళలో ఉంది. అక్కడ వేసిన తంగేడు, ముళ్ళగోరింట కుళ్ళిపోయాయి.

మెరక మీద కాస్త మిగిలినవి కలుపుతీతలో పోయాయి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కలుపు తీయడానికొచ్చిన పెద్దావిడ గిన్నె నిండా లేత తుమ్మి మొక్కలు పీకి ఓ పక్కన పెట్టుకుంది.

"అయ్యో, అవి పీకేశావేంటమ్మా?"

"తుమ్మండీ బాబూ ఇది. గట్టు నిండా ఉంటది."

"మేం వేసినవే అవి."

ఆవిడ చేతిలో మొక్కని, నన్ను, వసారాలో ఉన్న టీచరమ్మని మార్చి మార్చి చూసింది. "తుమ్మిని ఏసుకున్నారా అండీ?" అని ఇంకోసారి అడిగి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. కూరకి పనికొస్తుందని ఆ గిన్నె ఇంటికి తీసుకెళ్తానంది. తీసుకెళ్ళమన్నాం. ఆవిడ తప్పేముంది, రెండాకుల మీద ఉన్న మొలకని చూసి ఇది తుమ్మి, ఇది తోటకూర అని తేడా చెప్పడం ఆ రోజు నాకే సరిగా రాలేదు.

ఆ సెప్టెంబరులో మిగిలిన గింజలతో ఇంట్లో కూర్చుని లెక్కలు తీశాను. నేను చేయాల్సిన మొదటి పని అది, చివర చేశాను. శంఖపుష్పం గింజలు వంద లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టిపెడితే రెండు వారాల్లో మొలిచినవి తొమ్మిది. గిలిగిచ్చ వందకి పద్నాలుగు. తంగేడు అరవైకి రెండు. మిగతావి చచ్చిపోలేదు. గ్లాసు నీళ్ళలో రాత్రంతా నానబెట్టినా ఒక్క గింజ ఉబ్బలేదు, వేసినప్పుడెంత ఉందో తెల్లారాక అంతే ఉంది. అంటే పై తొక్కలోంచి నీళ్ళు లోపలికే పోవడం లేదు. చిక్కుడు కుటుంబంలో చాలా గింజలకి ఈ గట్టి తొక్క ఉంటుంది. ఎండకి, మట్టిలో రాపిడికి కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు తెరుచుకుంటాయి. గట్టు మీద మొక్కకి అది మంచిదే. ఒక వాన మోసం చేసినా ఇంకొన్ని గింజలు మట్టిలో దాచుకుని ఉంటుంది. పెరట్లో ఒకే జూన్‌లో అన్నీ పూయాలనుకునే మనకి మాత్రం చిక్కు.

శంఖపుష్పం గింజకి కన్ను ఉన్న వైపు వదిలేసి, రెండో వైపు గోళ్ళ కత్తెరతో తొక్క మాత్రం చిటికెడు తెంపాను. లోపలి పప్పు తెల్లగా కనబడితే చాలు, ఇంకా లోతుకి పోకూడదు. తెల్లారేసరికి గింజ రెండింతలైంది. యాభైకి నలభై నాలుగు మొలిచాయి. గిలిగిచ్చ గింజలు చిన్నవి, ఒక్కోటి పట్టుకుని కోయడం నా వయసు కళ్ళకి కుదరదు. అగ్గిపెట్టె లోపల గరుకు కాగితం అంటించి, గింజలు వేసి, మూసి, టీవీ చూస్తూ పది నిమిషాలు ఊపాను. యాభైకి నలభై ఒకటి. విష్ణుక్రాంతానికీ అదే అగ్గిపెట్టె. తంగేడుకి మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, రెండు నిమిషాలాగి గింజల మీద పోసి రాత్రంతా వదిలేశాను. పొయ్యి మీదే ఉడకబెడితే పప్పు అవుతుంది, మొక్క అవదు.

గునుగు, తుమ్మి కథ వేరు. వాటి తొక్కలో లోపం లేదు. ఆవగింజంత కూడా లేనివాటి మీద అరంగుళం ఎరువు కప్పింది నేను. గునుగు గింజ మట్టి పైనే పడి ఉండాలి. పొడి ఇసకలో ఒకటికి పది పాళ్ళు కలిపి చల్లి, చెక్కతో అదిమి వదిలేయాలి. వామింట దీనికి తిరకాసు. కొత్త గింజ కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది, వెలుతురు తగిలితే మొలక తగ్గుతుంది. మార్చిలో కోసినది జూన్‌లో వేస్తే రాలేదు. అదే పొట్లంలోది మరుసటి ఏడు పల్చగా మట్టి కప్పి వేస్తే గుంపుగా వచ్చింది.

2023 వేసవిలో టీచరమ్మకి చెప్పాల్సి వచ్చింది, కిందటేడు తోలించిన మట్టంతా తీసేద్దామని. ఆవిడ ఏమీ అనలేదు గానీ, ట్రాక్టరు కిరాయి రాసుకున్న డైరీ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ కిరాయి నేనే కట్టాను. ఎర్రమట్టి, ఎరువు గోకి కొబ్బరి చెట్ల పాదుల్లో వేశాం. మళ్ళీ ఖాళీ బుసక తేలింది. దాంట్లో బలం లేదు, అందుకే కలుపు కూడా తక్కువ. తుమ్మి, విష్ణుక్రాంతం, గిలిగిచ్చ లాంటివి ఆ పేద మట్టిలో కురచగా, గట్టిగా పెరిగి ఎక్కువ పూస్తాయి. బలమైన మట్టిలో అవే మొక్కలు ఆకేసి, పొడుగ్గా సాగి, మొదటి గాలికి పడిపోతాయి.

విత్తే ముందు ఇంకో పని. మే చివర మడి తడిపి, ఉన్న కలుపంతా మొలవనిచ్చి, దోకుడుపారతో పైపైన గీకేశాం. పది రోజులాగి మళ్ళీ అదే. లోతుగా తవ్వితే కింద గింజలు పైకొస్తాయి, అందుకని అంగుళానికి మించి పార దిగనివ్వలేదు. తుంగ ఒక్కదానికి మాత్రం కూర్చుని గడ్డతో సహా పీకడం తప్ప వేరే దారి లేదు. ఈసారి చల్లడం మానేసి వరసల్లో వేశాం. ప్రతి జాతివీ పాతిక గింజలు పక్కన ఒక్కో కుండీలో, అదే రోజున, పేరు రాసి వేశాం. కుండీలో మొలక ఎలా ఉందో చూసుకుని మడిలో కలుపు తీయాలి. ఆ పెద్దావిడే మళ్ళీ వచ్చింది. కుండీల దగ్గర పావుగంట కూర్చుని ఆకులు తడిమి చూసి, ఆ తర్వాత ఆవిడ చేతిలో ఒక్క మొక్క తప్పు పోలేదు. మొలకలొచ్చేదాకా ఒక పూట తడి, తర్వాత వాన పడితే పడింది, లేకపోతే వారానికొకసారి. అంతే.

ఆగస్టులో గిలిగిచ్చ పూసింది. తెలుపు, ఊదా కలిసిన పువ్వు. గండు తుమ్మెద వాలితే కొమ్మంతా కిందికి వంగుతుంది. సెప్టెంబరులో ఆకుల మీద, కాయల మీద నలుపు, ఎరుపు చుక్కల గొంగళిపురుగులు పడ్డాయి. జనుము వేసే రైతులకి తెలుసు ఈ పురుగు, కాయకి కన్నం పెట్టి గింజ తినేస్తుంది. మందు కొట్టమని టీచరమ్మ అన్నారు, వద్దన్నాను. సగం గింజ పోయింది. నాలుగు సెంట్ల పెరట్లో సగం గింజంటే కూడా మనం వాడగలిగినదాని కంటే ఎక్కువే.

మందు కొట్టనందుకు నవంబరులో ఒక పొద్దున్న ఫలితం కనబడింది. గింజల కోసం కోసిన గిలిగిచ్చ కొమ్మలు గోడకి ఆనించి ఎండబెట్టాం. పూలు లేవు, ఆకులు వాడిపోయాయి. ఆ ఎండు కొమ్మలకి సీతాకోకచిలకలు వేలాడుతున్నాయి, నారింజ రంగువి, నలుపు మీద లేత నీలి చారలవి, ఇరవైకి పైనే. చెయ్యి దగ్గరికి పెట్టినా లేవలేదు. ఒకటి గడియారం స్ప్రింగులా చుట్టుకున్న నాలుక విప్పి, విరిగిన కాడ అంచున ఆనించి, తీసి, రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగి మళ్ళీ ఆనించింది. ఇవి చాలావరకు మగవి. ఈ మొక్కలో ఉండే చేదు ఆల్కలాయిడ్లు పీల్చుకుని ఆడదాన్ని పిలిచే వాసన తయారు చేసుకుంటాయి. ఆ చేదు వల్లే పిట్టలు కూడా వాటిని ముట్టవు. టీచరమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ కాఫీ చల్లారిపోయింది.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు రెండు రోజులు వాన. గునుగు కంకులన్నీ పడుకున్నాయి, తడిసిన గింజ కంకిలోనే బూజు పట్టింది. అదృష్టం కొద్దీ నవంబరులో ఒక దఫా గింజ తీసి ఉంచాను. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలమని తెలిసి కూడా అంతా పండాక ఒకేసారి కోద్దామని డెల్టాలో ఎవరూ ఆగకూడదు. పండినవి పండినట్టు వారం వారం తీసుకోవాలి. తీసినవి నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లాల్లో చుట్టి, గాజు సీసాలో పెట్టి, అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డలో మూటగట్టి వేస్తున్నాను. మన ఉక్క గాలిలో తేమ ఆ బియ్యం పీల్చుకుంటుంది.

తంగేడు ఇక్కడి మొక్క కాదని ఒప్పుకోవాలి. మెట్టది అది. మెరకలో కూడా అన్నిటికంటే ఎత్తు మూల పెడితే రెండు బతికాయి, పూత అంతంత మాత్రం. నాభి గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 2022లో వేసిన నలభై గింజల్లో ఆగస్టు దాకా ఒక్కటీ లేవలేదు. కుండీ పారేయబోయి ఆగాను, ఆ నెలాఖరున ఆరు వచ్చాయి. మొదటి ఏడు బెత్తెడు మొక్క, చిటికెన వేలంత దుంప. చలికాలానికి పైన ఎండిపోతుంది. చచ్చిపోయిందని తవ్వి చూడకూడదు, తడి కూడా పెట్టకూడదు. రెండో ఏడు తీగ, మూడో ఏడు, అంటే 2024 సెప్టెంబరులో, పువ్వు. నిప్పు మంటలా పైకి లేచిన ఆరు రేకులు, మొదట పసుపు, రెండు రోజులకి ఎరుపు. కానీ దీని దుంప, గింజ, ఆకు అన్నీ విషమే. కాల్చిసిన్ ఉంటుంది, దుంపని తినే దుంపనుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. సెలవులకి మనవడు వస్తాడు కాబట్టి కుండీ చుట్టూ ఇనప మెష్ పెట్టించాం. తాళం టీచరమ్మ దగ్గరుంటుంది. పసిపిల్లలు రోజూ తిరిగే పెరడైతే నేను నాభి వెయ్యను.

వరదకి పోయిన పల్లంలో మేమింకేమీ వేయలేదు. 2023 చివర్లో అక్కడ నీరుగొబ్బి తనంత తానే వచ్చింది, ముళ్ళ కణుపుల మధ్య ఊదా పూలతో. తొమ్మిది రోజులు నిలిచిన నీళ్ళే తెచ్చాయో, పాత వరిచేను మట్టిలో ముందే ఉందో. పీకేయమంటారా అని కూలీలు అడిగారు. దారి వైపు వచ్చిన నాలుగు మాత్రం తీయించి మిగతావి వదిలేశాం.

మొన్న ఉగాదికి ముందు కలుపు తీసే పెద్దావిడ కొంగున ఏదో ముడేసుకుని వచ్చింది. విప్పితే చక్రంలా అంచులు కట్టిన ఎండుకాయలు, తుత్తురుబెండవి. "మా మావయ్య చేలో గట్టుదండి. సాయంత్రం పూట పచ్చగా పూస్తది. మీరు ఇట్టాంటియ్యే కదా ఏస్తారు" అంది. బెండ కుటుంబం కాబట్టి దీనికీ గట్టి తొక్కే ఉంటుంది, అగ్గిపెట్టె వైద్యం చేయాలి. గింజలు సీసాలోకి వెళ్ళాయి. పొట్లం మీద మొక్క పేరు, తారీఖు, దాని కింద ఆవిడ చెప్పినట్టే "మావయ్య చేను, తూర్పు గట్టు" అని టీచరమ్మే రాశారు.